తుడిచేస్తే శుభ్రమైనట్టు కాదు



ఇబ్రహీంపట్నంలో థర్మల్ స్టేషన్ బూడిద మా ఇళ్లమీద పడుతుంది, కరెంటు ఎక్కడెక్కడికో పోతుంది. అందుకే కరెంటు దోపిడీ కథ ఒకటి చెప్తాను.

2018 సెప్టెంబర్‌లో మన రాష్ట్ర పురపాలక శాఖ డైరెక్టర్ వెబ్‌సైట్‌లో, తిరుపతి కార్పొరేషన్, మాచర్ల మునిసిపాలిటీ సైట్లలో దొంగ కోడ్ ఉందని పరిశోధకులు బయటపెట్టారు. పన్ను కట్టడానికో, ఇంకో పనికో ఎవరు ఆ పేజీ తెరిచినా, వాళ్ల కంప్యూటర్ వాళ్లకు తెలియకుండానే ఎవడికో క్రిప్టో నాణేలు తవ్విపెట్టేది. వేడెక్కే మిషన్ మనది, కరెంటు బిల్లు మనది, రాబడి వాడిది. దీన్ని మన తాతలు వెట్టి అన్నారు.

ఆ లైను చెరిపేస్తే చాలదా? చాలదు. దొంగ దొడ్డిదారి పెట్టుకునే పోతాడు: ఫొటోల ఫోల్డర్‌లో ఒక పీహెచ్‌పీ ఫైలు, ఎవరూ ఎరగని ఒక అడ్మిన్ అకౌంట్, సర్వర్‌లో వేళకు నడిచే ఒక ఆదేశం. పొద్దున చెరిపింది రాత్రికి మళ్లీ వస్తుంది. సైటు ఆపాలి. సాక్ష్యానికి కాపీ తీయాలి. అసలు ఫైళ్లు కొత్తగా పెట్టాలి. డేటాబేస్ వెతకాలి. పాస్‌వర్డులన్నీ మార్చాలి. పాతబడ్డ ప్లగిన్ లాంటి, వాడు దూరిన కంత ఏదో పట్టుకుని మూయాలి.

ఇలాంటి కోడ్‌కి పేరుమోసిన కాయిన్‌హైవ్ 2019 మార్చిలో మూతబడింది. రెండేళ్ల తర్వాత కూడా వేల సైట్లు ఆ చచ్చిన కోడ్‌ని పిలుస్తూనే ఉన్నాయని ట్రాయ్ హంట్ అనే నిపుణుడు 2021లో చూపించాడు. అంటే అన్నేళ్లూ వాటిని తెరిచి చూసినవాడే లేడు.

ఇది మనకు కొత్తా? సఫాయి కర్మచారి ఆందోళన్ 2003లో సుప్రీంకోర్టుకెక్కితే, మా దగ్గర పాకీపనే లేదని రాష్ట్రాలు అఫిడవిట్లు వేశాయి. బెజవాడ విల్సన్, ఆయన సహచరులు ఊరూరా తిరిగి ఫొటోలతో రుజువు చేయాల్సి వచ్చింది. మురికి ఉందని ఒప్పుకోనివాడు దాన్ని ఎన్నటికీ కడగడు.

దాడి జరిగితే 6 గంటల్లో సెర్ట్-ఇన్‌కి చెప్పాలని 2022 నుంచి నిబంధన ఉంది. కానీ ఆ పేజీ తెరిచిన జనానికి ఎవరు చెప్తారు? మన ఆధార్, కులం, ఆదాయం వివరాలు ఇప్పుడు ఇలాంటి సైట్లలోనే ఉన్నాయి. కంప్యూటర్ చదువుతున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీ మునిసిపాలిటీని ఆర్టీఐలో అడగండి: మీ సైటును చివరిసారి ఎప్పుడు తనిఖీ చేశారు? ఏం దొరికింది? ఎవరికి చెప్పారు?

జవాబు వచ్చేదాకా అడగండి.