ఎత్తుకోవడం రాకుండా కొనకండి

సెలవులకి వచ్చిన పిల్లలు తిరిగి వెళ్లేటప్పుడు ఏదో ఒకటి కొనిపెట్టాలనిపిస్తుంది కదండీ. ఈమధ్య బొమ్మల బదులు ప్రాణుల్నే కొనిపెడుతున్నారు. లవ్ బర్డ్స్ జత, ఎలుకలాంటి హేమ్‌స్టర్, గాజుతొట్టిలో రూపాయి బిళ్లంత తాబేలు. ముచ్చటపడి తెచ్చేది వాళ్లు, చాకిరీ మనది! అందుకే నేనడిగేది ఒక్కటే. ఎలా పట్టుకోవాలో, ఎలా తీసుకెళ్లాలో ఇంట్లో ఒక్కరికైనా తెలియకుండా ప్రాణిని కొనొద్దు.

మన ఊళ్లలో లవ్ బర్డ్స్ పేరుతో అమ్మేవి ఎక్కువగా ఆస్ట్రేలియా బడ్జీలు. పక్షికి రొమ్ము కదిలితేనే ఊపిరి. ఎగిరిపోతుందేమోనని పిల్లాడు గుప్పిట బిగిస్తే, చిన్న దెబ్బైనా కనపడకుండా ప్రాణం పోతుంది. వీపు అరచేతికి ఆనించి, మెడకి అటూ ఇటూ రెండు వేళ్లుంచి, రొమ్ముని వదిలేయాలి. హేమ్‌స్టర్‌నైతే నేలమీద కూర్చుని దోసిట్లోకి తీసుకోవాలి. నిలబడి ఎత్తుకుంటే, జారిందంటే ఎముకలు విరుగుతాయి.

ఇక ప్రయాణం. గుడివాడ నుంచి బందరు ఎంతసేపు అంటారు. రోహిణి కార్తె ఎండలో ఆ కాసేపే చాలు. పొద్దున్నే బయల్దేరండి. పెద్ద పంజరం వద్దు, కుదుపులకి రెక్కలు కొట్టుకుంటాయి. గాలి కన్నాలున్న చిన్న పెట్టెలో పాత నూలుచీర ముక్క పరవండి. నీళ్లగిన్నె ఒలుకుతుంది, బదులుగా కీరదోస ముక్క పెట్టండి. తాబేలుకి తడిబట్ట వేసిన డబ్బా చాలు. ఆపిన కారులో మాత్రం ఏ ప్రాణినీ వదలకండి.

తాబేలుని ముట్టుకున్న చేతులు సబ్బుతో కడిగించండి. దాని ఒంటిమీద సాల్మొనెల్లా క్రిములుంటాయి. అందుకే అమెరికాలో 4 అంగుళాల లోపు తాబేళ్ల అమ్మకాన్ని 1975లోనే ఆపేశారు. చెవి దగ్గర ఎర్రచార ఉండే ఆ విదేశీ తాబేలు జానెడు దాటి పెరుగుతుంది, ఇరవై ఏళ్లు పైనే బతుకుతుంది. విసుగొచ్చి బందరు కాలువలోనో, దివిసీమ చెరువులోనో వదిలితే పుణ్యమేమీ రాదు. మన తాబేళ్ల తిండికి ఎసరు పెట్టినట్టే.

రామచిలుక, నక్షత్ర తాబేలు సంగతైతే ఆలోచించనే వద్దు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద వాటిని కొనడం, ఇంట్లో ఉంచుకోవడం నేరం.

ఇదంతా తంటా అనిపిస్తే కొనకపోవడమే మేలు. ప్రాణి చేతిలో చచ్చిపోతే ఆ పసిమనసుకి మనమేం చెబుతాం, చెప్పండి?