మా అమ్మ కోడీ, కుంపటీ

'నా కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లారదనుకుందట ముసల్ది' అని సామెత చెప్పి నవ్వుతారు ఊళ్లో. ఎవరా ముసల్ది? ఆమె కోడి కూస్తేనే నిద్రలు లేచారు. ఆమె కుంపట్లో నిప్పు పట్టుకుపోయి పొయ్యిలు ముట్టించుకున్నారు. ఆమె అలిగి పోతే మాత్రం 'నువ్వు లేకపోతే మాకేం' అన్నారు. నాకైతే ఆ ముసల్ది మన పల్లె మనిషిలాగే కనపడుతుంది. పని తీసుకోవడం, పని చేసినోళ్లను ఎగతాళి చెయ్యడం - ఈ ఊళ్లకు అలవాటే గదా!

మా పల్లెకు మాత్రం ఒకసారి నిజంగానే కోడీ కుంపటీ వల్ల తెల్లారింది. ఆ సంగతి చెప్తాను.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు మా వాళ్లు కూలి పెంచమని అడిగారు. మిరపకోతల కాలం. పెంచకపోతే కోతకు రామన్నారు. మర్నాడే ఊళ్లో టముకు వేయించారు. పల్లెవాళ్లకు ఎవరూ పని చెప్పకూడదు. కొట్లో సరుకు ఇవ్వకూడదు. పాలు పొయ్యకూడదు. గట్ల మీద గడ్డి కొయ్యనియ్యకూడదు. కాదని ఇచ్చినోళ్లకు జరిమానా. అట్లా పంతొమ్మిది రోజులు నడిచింది.

మా ఇంటెనక జాగా పెద్దదేం కాదు. ఒక మునగచెట్టు, ఒక గోంగూర మడి, దడి మీద చిక్కుడు, ఇంటి మీదికి పాకిన సొరపాదు, అంట్లు తోమిన నీళ్లు పోయే చోట నాలుగు వంగమొక్కలు. ఎనిమిది కోళ్లు. ఆ పంతొమ్మిది రోజులూ మా అమ్మ పొయ్యి మీద నాలుగిళ్ల కూర ఉడికింది. ఒకరోజు గోంగూర పులుసు, ఒకరోజు మునగాకు వేపుడు, ఒకరోజు సొరకాయ పులుసులో కొట్టిపోసిన రెండు గుడ్లు. కూరలో నూనె పేరుకే. ఉప్పు అయిపోతే అమ్మ రెండు పెట్టల్ని గంపలో పెట్టుకుని ఐదు మైళ్ల అవతల సంతకు నడిచిపోయి, ఉప్పూ, నూకలూ, అగ్గిపెట్టెలూ తెచ్చింది. కోడి అంటే కూర కాదు, నడిచే డబ్బు అని నాకు ఆరోజే తెలిసింది.

ఆ సంగతి వాళ్లకీ తెలిసింది. పదో రోజున మా పల్లె పక్క చేలో పురుగుమందు కలిపిన గింజలు చల్లారు. మావి నాలుగు కోళ్లు చచ్చాయి. మిగిలిన రెండింటినీ అమ్మ గంప కింద మూసి, గంప మీద రుబ్బురాయి పెట్టి, రాత్రంతా గుమ్మంలో కూచుంది. ఆలోచించండి! వందల ఎకరాల ఆసాములకు ఎనిమిది కోళ్లతో ఏం పగ? కోళ్లతో కాదు. మన పొయ్యి వాళ్లనడక్కుండా మండుతున్నందుకు పగ.

ఇది మా ఊరి గొడవ ఒక్కటే కాదు. మనవాళ్లు తినే తిండి మీద పెత్తనం చెయ్యడం పాత కథే. జైపూర్ సంస్థానంలోని చక్వారాలో యాత్ర నుంచి తిరిగొచ్చిన ఒక దళితుడు తనవాళ్లకు నెయ్యి వేసి భోజనం పెడితే, సవర్ణులు కర్రలతో వచ్చి పడి ఆ వంటంతా పాడుచేశారు. అంబేద్కర్ 1936లో 'కుల నిర్మూలన'లో ఈ సంగతి రాశారు. నెయ్యి తినే స్థాయి మనకు లేదని వాళ్ల బాధ. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపడానికి ముందు అక్కడ నడిచింది సాంఘిక బహిష్కరణే. ముందు పొయ్యి ఆర్పుతారు. అప్పటికీ లొంగకపోతే కత్తి తీస్తారు.

ఇవాళ దానికి చట్టం ఉంది. 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015లో సవరించారు. సాంఘిక, ఆర్థిక బహిష్కరణ చెయ్యడం, చేస్తామని బెదిరించడం 2016 జనవరి 26 నుంచి ఆ చట్టం కింద నేరం. మంచిదే. కానీ కేసు నమోదై, విచారణ జరిగి, శిక్ష పడేలోపు ఇంట్లో పిల్లలు ఏం తింటారు? చట్టం మన చేతిలో ఉండాలి, పెరట్లో గోంగూరా ఉండాలి. ఒకటుంటే రెండోది అక్కర్లేదనుకోవడం తప్పు.

మరి ఆ పెరడేదీ? 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఇళ్లస్థలాల పథకంలో పల్లెల్లో సెంటున్నర, పట్నాల్లో సెంటు ఇచ్చారు. సెంటున్నరంటే 72 గజాల పైచిలుకు. అందులో రెండు గదులు, మరుగుదొడ్డి కట్టుకుంటే మిగిలేదెంత? మునగచెట్టు ఎక్కడ నాటాలి? కోళ్లగూడు ఎక్కడ పెట్టాలి? అంట్లనీళ్లు ఎక్కడికి పోవాలి? పడుకోడానికి జాగా ఇచ్చారు గానీ బతకడానికి ఇవ్వలేదు. పెరడు లేని ఇంట్లో కరేపాకు రెబ్బ కూడా కొనాల్సిందే. 2024 ఎన్నికల్లో పల్లెల్లో 3 సెంట్లిస్తామన్న మాట వచ్చింది. పట్టా చేతికొచ్చేదాకా మాట మాటే. కొలత మనమే అడగాలి, కొలిచి తీసుకోవాలి, పట్టా ఆడమనిషి పేరున ఉండాలి.

ఇక్కడొక మోసం ఉంది, జాగ్రత్త! 'భూమి కావాలి' అని వెళితే 'నాలుగు కోడిపిల్లలు తీసుకోండి, పెరటి తోట వేసుకోండి' అని పంపించే ఆఫీసర్లుంటారు. కోడిపిల్లలు తీసుకుందాం, తప్పులేదు. కానీ కోడి భూమికి బదులు కాదు. పెరడు కూర పెడుతుంది, అన్నం పెట్టదు. అన్నానికి పొలం కావాలి. మా అమ్మ పెరడు పంతొమ్మిది రోజులు నిలబెట్టింది గానీ, ఇరవయ్యో రోజున మళ్లీ వాళ్ల చేలోకే పోవాల్సి వచ్చింది. కూలి పెరిగింది నిజమే, పొలం మాత్రం వాళ్లదే. ఆ పంతొమ్మిదిని ఇరవై చేసేది భూమి ఒక్కటే.

ఇంకో మాట. ఇది మన కార్యకర్తలకి. కోపం తెచ్చుకోవద్దు. మీటింగుకి ఎవరన్నా నాయకుడొస్తే పల్లెలో కోడిని కోస్తారు. అందరం తింటాం. ఆ పెట్ట ఎవరిది? ఎన్నాళ్ల పొదుపు? నాటుకోడి పది పన్నెండు గుడ్లు పెట్టి పొదుగుతుంది. ఇరవై ఒక్క రోజులకి పిల్లలవుతాయి. గద్దకీ, పిల్లికీ, తెగులుకీ పోగా నాలుగు పెరిగితే గొప్ప. ఆ ఒక్కదాన్ని మన ఆకులో వేసి, ఆమె తలుపు పక్కన నిలబడితే, మనం 'భూ సమస్య' మీద ఉపన్యాసం ఇస్తాం. ఆమెను చాప మీద కూచోమని ఒక్కరన్నా అన్నామా? పాతరోజుల్లో దొర వస్తే వెట్టికి కోడినిచ్చారు మన ముత్తవ్వలు. మనం ఆ దొరలం కాకూడదు. మీటింగుకి పప్పూ, పచ్చడీ చాలు. కోడినే పెడతామంటే సంఘం డబ్బుతో కొనాలి.

చేయాల్సిన పనీ ఒకటుంది. కొక్కెర తెగులు వస్తే పల్లె పల్లెంతా కోళ్లు రాలిపోతాయి. పిల్లలకు వారం రోజుల్లోపు కంట్లోనో ముక్కులోనో లసోటా చుక్క వేయించి, ఎనిమిది వారాలకు ఆర్‌టూబీ సూది వేయిస్తే చాలా మటుకు నిలుస్తాయి. ఒక సీసా మందు వంద కోళ్లకు పైనే వస్తుంది. కలిపిన మందు నిలవ ఉండదు, అప్పటికప్పుడే వాడాలి, చల్లగా ఉంచాలి. ఎనిమిది కోళ్లున్న మనిషి సీసా కొనలేదు. ఇరవై ఇళ్లు కలిస్తే ఒక్క ఉదయంలో పని అయిపోతుంది. పశువుల ఆసుపత్రికి ఒక్కరు పోతే 'రేపు రా' అంటారు. ఇరవై మంది ఆడవాళ్లు గంపలతో పోతే అనరు. సంఘం అంటే ఇదే గదా! జెండా కట్టిన రోజే కాదు, కోళ్లకు సూది వేయించిన రోజు కూడా సంఘమే.

గోంగూర విత్తనం, సొర విత్తనం మా అమ్మ బూడిద కలిపి మూటగట్టి దూలానికి వేలాడదీసేది. ఎవరడిగినా పిడికెడు ఇచ్చేది. ఒకటే షరతు - వచ్చే ఏడు వాళ్లూ ఇంకొకరికి ఇవ్వాలి. అమ్మకు చదువు రాదు. ఏ సంఘంలోనూ మెంబరు కాదు. ఆ పంతొమ్మిది రోజుల పోరాటం గురించి ఎవరు రాసినా కూలి రేటు రాశారు, చర్చలు రాశారు, నాయకుల పేర్లు రాశారు. పొయ్యి సంగతి రాయలేదు. అందుకే నేను రాస్తున్నాను.

మీ పల్లెలోనూ ఉంటుంది అట్లాంటి ముసల్ది. పోయి అడగండి. ఈసారి సామెత చెప్పి నవ్వడానికి కాదు. ఆమె చేతి పిడికెడు విత్తనాల కోసం, ఆమె పేరున మూడు సెంట్ల పట్టా కోసం.