జైలు కూలింది, జ్ఞాపకం కూలొద్దు

వరంగల్ సెంట్రల్ జైలు ఇప్పుడు లేదు. 1886లో కట్టిన గోడలను 2021లో నేలమట్టం చేశారు. ఖైదీలను వేరే జైళ్లకు తరలించి, ఆ జాగలో పెద్దాస్పత్రికి అదే ఏడాది జూన్ 21న పునాదిరాయి వేశారు. ఆస్పత్రి వద్దని మేము అనడం లేదు. వైద్యం కోసం ఓరుగల్లు పేదోడు హైదరాబాద్ దాకా ఉరికే గోస తప్పాల్సిందే. కానీ 135 ఏండ్ల చరిత్ర కూడా మట్టితో పాటే పోవాల్నా?

నిజాం మీద కలమెత్తిన కాళోజీ, దాశరథి ఈ జైలు కూడు తిన్నవాళ్లే. వాళ్ల పేర్లు పుస్తకాల్లో ఉన్నయి. ఇక్కడి మగ్గాల మీద జంపఖానాలు, కార్పెట్లు నేసిన ఖైదీల పేర్లు ఎక్కడున్నయి? వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అందులో ఆ చేతుల వాటా ఎవరు చెప్పాలె?

వస్తువులే చెప్పాలె. సెల్లు దర్వాజ, తాళంచెవి, బేడీలు, సత్తు పళ్లెం, గంట, మగ్గం, ములాఖత్ చీటీ. నిజామాబాద్ ఖిల్లా జైల్లో దాశరథి పండ్లు తోముకునే బొగ్గుతో గోడ మీద కవిత్వం రాసిండు. బొగ్గుముక్క విలువేందో అంతకన్నా ఎవరు చెప్పగలరు?

దారి లేక కాదు. 1796 నాటి సంగారెడ్డి జైలును 2016లో మ్యూజియం చేశారు. మంచిపనే. అయితే 500 రూపాయలు కట్టి ఒక్కరోజు ఖైదీగా ఉండొచ్చన్న తమాషాతో చరిత్ర అర్థం కాదు. జైలు పిక్నిక్ జాగ కాదు.

మేము అడిగేది మూడే. వరంగల్ జైలు నుంచి తరలిన ప్రతి వస్తువు, ప్రతి రికార్డు ఎక్కడుందో జైళ్ల శాఖ జాబితా బయటపెట్టాలె. నిజాం జమానా దఫ్తర్ నడిచింది ఉర్దూలో. ఆ కాగితాలను చదవగలిగిన పెద్దమనుషులు ఉన్నప్పుడే తర్జుమా చేయించాలె. రిటైరైన వార్డర్ల దగ్గర, జైలుకు పోయొచ్చిన ఉద్యమకారుల ఇండ్లల్ల ఉన్నవాటిని అడిగి సేకరించి, ఎవరిది, ఏ ఏటిది, ఎట్లా వచ్చిందో పక్కన రాసిపెట్టాలె. ఆ మాట రాయకపోతే బేడీ కూడా ఇనుప సామానే.

ఆస్పత్రి ఆవరణలోనే ఒక్క హాలు చాలు. సర్కారు కదిలేదాకా చూడొద్దు. మీ ఇంట్ల జైలు ఉత్తరమో, దుప్పటో ఉంటే పాత సామాన్లోనికి వేయకండి. గోడలను కాపాడుకోలేకపోయినం. గోడల లోపలి మనుషులనైనా కాపాడుకుందాం.