కొద్ది రొక్కము, మేలైన లౌడుస్పీకరు

మన పాఠశాలలోని బాలబాలికల తండ్రులలో ఇద్దఱు ముగ్గురు ఈ యేడు మమ్ము ఒకే ప్రశ్న యడిగిరి: "మాష్టరుగారూ, ఇంటిలో పాట వినుటకు ఉత్తమమైన లౌడుస్పీకర్లు కొనవలెనని యున్నది, రొక్కము చాలదు. ఏమి చేయుదుము?" లెక్కలు చెప్పువారిని ఇట్టి సంగతి యడుగుట వింతయే. కాని మేము ఈ విషయమున ఒకసారి చేతులు కాల్చుకొంటిమని వారెఱుగుదురు.

మా యభిప్రాయమును దాచము. రొక్కము తక్కువైనవాడు పెద్ద పెట్టెలపై ఆశ విడువవలెను. చౌకలో దొరకు పెద్ద జతయందు ధనములో మిక్కిలి భాగము కొయ్యకును, మంద్రస్వరము పలుకు పెద్ద శంకువులకును, పైమెఱుగునకును పోవును. కంఠమును తేటగా పలికించుటకు మిగులునది స్వల్పము. అదే వెలకు వచ్చు చిన్న జతలో ఆ ధనము స్వరశుద్ధికి వినియోగపడును.

పూర్వము మేము పట్టణమందలి యొక అంగడిలో నడుమెత్తు పెట్టెలను చూచి మోహపడి, రెండేండ్లు కూడబెట్టిన సొమ్ము అక్కడనే ధారపోసితిమి. ఆ యంగడి శాల విశాలమైనది. మా గది పొడవు 12 అడుగులు, వెడల్పు 10. ఇంటికి తెచ్చి వీణ పలికింపగా, కుండలో నోరు పెట్టి మాటాడినట్టి రొద వినవచ్చెను. "ఏమండీ, ఆ రొద ఆపుదురా?" అని మా యిల్లాలు వంటయింటినుండి కేకవేసెను.

కారణము పైతరగతి విద్యార్థులకు సుబోధము. ధ్వని సెకనుకు సుమారు 1,130 అడుగులు పోవును. ఎదురెదురు గోడల నడిమి దూరము ఏ స్వరముయొక్క అర తరంగమునకు సరిపోవునో, ఆ స్వరము అచ్చట నిలిచి పెరుగును. 12 అడుగులకు అది సెకనుకు సుమారు 47 కంపనముల స్వరము. చిన్న స్పీకరు అంత క్రిందికి బలముగా దిగలేదు గనుక ఆ రొదను అంతగా లేపదు. పేదవాని గదియు, పేదవాని సంచియు ఈ యొక్కచోట ఏకాభిప్రాయమున నున్నవి!

చిన్నదానిని హీనముగా చూడవలదు. 1970ల తొలియేండ్లలో బి.బి.సి. యింజనీర్లు, ప్రసారపు మోటారుబండ్లలో చోటు చాలక, ఎల్.ఎస్. 3/5ఏ అను పెట్టెను నిర్మించిరి. ఎత్తు 12 అంగుళములు, వెడల్పు ఏడున్నర. మంద్రము కొంచెమే, కాని మనుష్యుని మాటను పలుకుటలో దానికి వచ్చిన పేరు నేటికిని చెడలేదు. ఇపుడు దాని పాత జతలకే పెద్ద వెల గలదు గనుక దానినే కొనుడని చెప్పము. ఆ లక్షణమును వెదకుడని చెప్పుచున్నాము. ఒక లోపము గలదు. అది ఒక వాటు శక్తికి సుమారు 83 డెసిబెల్లులు మాత్రమే పలుకును. 89 పలుకు పెట్టెతో సమానముగా మ్రోయుటకు నాలుగింతల శక్తి కావలెను. దగ్గఱ కూర్చుండి వినువారికి ఇది బాధ కాదు, పెండ్లిపందిటికి పనికిరాదు.

అంగడిలో కంటిని నమ్మరాదు. 1994లో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ అను శాస్త్రజ్ఞులు అవే స్పీకర్లను శ్రోతలకు తెరచాటునను, బహిరంగముగాను వినిపించి మార్కులు వేయించిరి. కంటబడగనే, చిన్నదగు చౌక యంత్రమునకు మార్కులు తగ్గెను! చెవియు మోసపోవును, కొంచెము హెచ్చుగా మ్రోయునదే మంచిదని తోచును. కావున రెండు జతలను సమానమైన మ్రోతతో వినిపింపుమని యడుగుడు. మీరు బాగుగా నెఱిగిన కంఠమునే వినుడు. వెలగల తీగెలకు సొమ్ము పెట్టకుడు, సాధారణపు రాగితీగె చాలును. పెట్టెలను మూలనుండి ముందునకు జరుపుటకు కాసైనను ఖర్చు లేదు.

మేము ఆ పెద్ద జతను సగము వెలకు అమ్మి, ఒకరు వాడి విడిచిన చిన్న జతను కొంటిమి. అట్టివి కొనునపుడు శంకువు చుట్టునున్న నురుగుపట్టీ చివికినదేమో వ్రేలితో మెల్లగా చూడవలెను. చెవి యెత్తునకు వచ్చునట్లు వడ్రంగిచేత వేపకొయ్య పీటలు రెండు చేయించితిమి. ఇపుడును వంటయింటినుండి కేక వచ్చుచునే యున్నది, "ఆ పాట మఱల పెట్టండి" అని.