సహాయ మంత్రి మనవాడైతే మనకేంటి?

2024 జూన్ 9 సాయంత్రం ఢిల్లీలో కేంద్ర మంత్రులు ప్రమాణం చేస్తుంటే మన సూళగిరి, హోసూరు ఇళ్లలో చాలామంది టీవీ ముందు కూర్చుని తెలుగు పేర్లు లెక్కపెట్టుకున్నాం. రామ్మోహన్ నాయుడు, కిషన్ రెడ్డి, పెమ్మసాని చంద్రశేఖర్, బండి సంజయ్, భూపతిరాజు శ్రీనివాసవర్మ. ఐదుగురు! సంతోషించాం, తప్పులేదు. అయితే ఆ ఐదుగురిలో ముగ్గురు సహాయ మంత్రులు. ఆ మాటకు అర్థమేమిటో, అది మన గడపదాకా ఎంత వస్తుందో ఆ రోజు ఎవరూ అడగలేదు. ఇప్పుడు అడుగుదాం.

కేంద్రంలో మంత్రులు మూడు మెట్ల మీద ఉంటారు. పైన కేబినెట్ మంత్రి. నడిమెట్టు మీద స్వతంత్ర హోదా గల సహాయ మంత్రి. ఆయన శాఖకు ఆయనే పెద్ద. కింద ఒట్టి సహాయ మంత్రి. ఈయన కేబినెట్ సమావేశానికి పిలిస్తే తప్ప వెళ్లడు. కేబినెట్ మంత్రి ఏ పని పంచి ఇస్తే అదే ఈయన పని. పంచకపోతే పార్లమెంటులో జవాబులు చదవడం, రిబ్బన్లు కత్తిరించడం మిగులుతుంది. తమకు ఫైళ్లే రావడం లేదని సహాయ మంత్రులు మొరపెట్టుకుంటే 2010లో మన్మోహన్ సింగ్ స్వయంగా వాళ్లను కూర్చోబెట్టి వినాల్సి వచ్చింది.

సంకీర్ణంలో ఈ మెట్లకే బేరం. మొన్నటి 72 మందిలో 36 మంది ఒట్టి సహాయ మంత్రులే. 16 మంది ఎంపీలున్న తెలుగుదేశానికి ఒక కేబినెట్, ఒక సహాయ మంత్రి. ఏడుగురున్న శివసేనకు ఒక స్వతంత్ర హోదా. ఇద్దరే ఉన్న దేవెగౌడ పార్టీకి ఏకంగా కేబినెట్! అజిత్ పవార్ పార్టీకి స్వతంత్ర హోదా ఇస్తామంటే, ఇదివరకు కేబినెట్‌లో కూర్చున్న ప్రఫుల్ పటేల్ కిందికి దిగనని ఆగిపోయారు. అంటే తలలు ఎన్ని అన్నదొక్కటే లెక్క కాదు. ఎవరి అవసరం ఎవరికి ఎంత అన్నదీ లెక్కే.

మనకు దగ్గరి ఉదాహరణ పాతది ఒకటి ఉంది. 2004లో ఆరోగ్యశాఖ పీఎంకేకు వెళ్లింది. ఆ పార్టీకి పుదుచ్చేరితో కలిపి ఆరుగురు ఎంపీలు. అన్బుమణి రామదాసు కేబినెట్ మంత్రి అయ్యారు. ఆయన కింద సహాయ మంత్రి ఎవరు? నెల్లూరు ఎంపీ, కాంగ్రెస్ నాయకురాలు పనబాక లక్ష్మి. ఆంధ్రలో కాంగ్రెస్ ఆ ఎన్నికను ఊడ్చేసిన ఏడాది అది. అయినా ఆరుగురి పార్టీవాడు కుర్చీలో, పెద్ద పార్టీ ఆమె పక్క కుర్చీలో. అదే ప్రభుత్వంలో రైల్వే సహాయ మంత్రి కూడా పీఎంకే మనిషే, అరక్కోణం ఎంపీ ఆర్. వేలు. దాదాపు ఐదేళ్లు ఆ శాఖలో ఉన్నారు, పైన లాలూ ప్రసాద్. కృష్ణగిరి జిల్లా ఆ 2004లోనే పుట్టింది. జిల్లా కేంద్రానికి రైలు ఈ రోజుకీ లేదు. ఇది వేలుగారి తప్పని మేం అనడం లేదు. ఆ మెట్టు మీద నుంచి చెయ్యి ఎంత దూరం అందుతుందో చూడమంటున్నాం.

ఐర్లండులోనూ ఇదే కథ. అక్కడి రాజ్యాంగం ప్రకారం కేబినెట్ 15 మందికి మించకూడదు. 2024 నవంబరు ఎన్నికల్లో రెండు పెద్ద పార్టీలు కలిసినా 174లో 86 దగ్గర ఆగిపోయాయి. స్వతంత్రుల చేయి పట్టుకోవాల్సి వచ్చింది. 2025లో చట్టం సవరించి సహాయ మంత్రుల సంఖ్యను 20 నుంచి 23కు పెంచారు. పెద్ద కుర్చీలు చాలకపోతే పీటలు వేస్తారన్నమాట. మనకూ హద్దు ఉంది: 2003 సవరణ ప్రకారం లోక్‌సభ బలంలో 15 శాతం, అంటే 81 మంది. ఇంకా ఖాళీ పీటలున్నాయి.

తమిళనాట మాత్రం ఈ సంగతే వేరు. ఇక్కడ దశాబ్దాల పాటు కూటములు ఎన్నికల దాకానే ఉండేవి, మంత్రివర్గం ఒకే పార్టీదిగా ఉండేది. 2006లో డీఎంకేకు 234లో 96 సీట్లే వచ్చాయి. కాంగ్రెస్ 34 మందితో బయట నిలబడి మోసింది, ఒక్క మంత్రి పదవి తీసుకోలేదు. ఆ ఏడాదే తమిళ అభ్యసన చట్టం వచ్చింది. ఒకటో తరగతితో మొదలై ఏటా ఒక తరగతి చొప్పున ఎక్కి, 2015-16కు పదో తరగతికి చేరింది. మన పిల్లల తెలుగు పరీక్ష ఎక్కడ తడబడిందో ప్రతి ఇంటికీ తెలుసు. కోర్టుల చుట్టూ తిరిగి తెచ్చుకున్న మినహాయింపులూ తెలుసు. ఆ 34 మందిలో మన హోసూరు ఎమ్మెల్యే గోపీనాథ్ ఒకరు. ఆ పార్టీ లోపల కూర్చుని ఉంటే చట్టం మారేదా? చెప్పలేం. కనీసం బిల్లు సభకు రాకముందు, మంత్రివర్గం బల్ల దగ్గర, ఒక మాట అడిగే చోటు ఉండేది. అదే గోపీనాథ్ కృష్ణగిరి ఎంపీగా 2024 జూన్ 25న లోక్‌సభలో తెలుగులో ప్రమాణం చేశారు. మనకు గర్వంగానే ఉంది. కానీ ఆయన ప్రతిపక్షంలో ఉన్నారు.

ఇక అసలు లెక్క. బడిలో తెలుగు టీచరు పోస్టు ఖాళీగా ఉంటే గుంటూరు నుంచి గెలిచిన సహాయ మంత్రి ఏం చేయగలడు? ఏమీ చేయలేడు. అది చెన్నై పని. హోసూరు విమానాశ్రయం సంగతీ అంతే చిక్కు. 2000 ఎకరాల్లో కడతామని 2024 జూన్ 27న స్టాలిన్ అసెంబ్లీలో ప్రకటించారు. పౌర విమానయాన మంత్రి తెలుగువాడే, పైగా కేబినెట్ హోదా. అయినా బెంగళూరు విమానాశ్రయం చుట్టూ 150 కిలోమీటర్ల లోపల 2033 దాకా మరొకటి రాకూడదన్న ఒప్పందం అడ్డం. భూమి సేకరించేది రాష్ట్రం. బేరికె, బాగలూరు వైపు రైతు తన పొలం గురించి అడగాలంటే ఢిల్లీలో మనవాడి దగ్గరికి కాదు, కలెక్టరేటుకే వెళ్లాలి.

మరి ఢిల్లీలో మన పని నిజంగా ఉన్న సహాయ మంత్రి ఎవరు? ఆయన తెలుగువాడు కాదు. 2024లో మైనారిటీ వ్యవహారాల సహాయ మంత్రి అయిన, కేరళకు చెందిన జార్జ్ కురియన్. భాషా అల్పసంఖ్యాకుల కమిషనర్ కార్యాలయం ఆ శాఖ కిందే ఉంటుంది. రాజ్యాంగంలోని 350-ఎ ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పించమంటుంది, 350-బి ఆ అధికారిని పెట్టమంటుంది. మన సంఘాలు శాలువాలు పట్టుకుని తెలుగు మంత్రుల ఇళ్లకు వెళ్లినన్నిసార్లు ఆ తలుపు తట్టాయా? మేం కూడా తట్టలేదు, ఒప్పుకుంటున్నాం.

 2026 అసెంబ్లీ ఎన్నికల ముందు అధికారంలో వాటా కావాలన్న మాట రెండు కూటముల్లోనూ వినబడింది. ఓటు అడగడానికి సూళగిరి సంతకు వచ్చే అభ్యర్థిని మనం రెండు మాటలు అడగాలి. మీ పార్టీ లోపల కూర్చుంటుందా, బయట నిలబడుతుందా? కూర్చుంటే, ఖాళీగా ఉన్న తెలుగు టీచరు పోస్టుల ఫైలు ఎవరి బల్ల మీదికి వస్తుంది?