నేల కింద ఏముందమ్మా?

సెలవులు దగ్గరపడ్డాయంటే చాలు, మా ఇంట్లో పంచాయితీ మొదలవుతుంది. పిల్లలకేమో వాటర్ పార్కు కావాలి. వాళ్ల నాన్నకు తిరుపతి. అత్తమ్మ అయితే ఈ ఎండల్లో ఎక్కడికీ వద్దంటుంది. పోయినేడు నేను మధ్యలో దూరి, ఈసారి బెలూం గుహలకు పోదాం అన్నాను. "గుహలల్ల ఏమున్నదే చూసేటందుకు, గబ్బిలాలు తప్ప! పైంగ ఆడపిల్లనేసుకొని చీకట్లకా?" అని అత్తమ్మ తల పట్టుకుంది. అప్పుడు నవ్వేశాను గానీ, వెళ్లొచ్చాక ఆలోచిస్తే ఆ మాటలో సగం తప్పు, సగం ఒప్పు అనిపిస్తోంది.

ముందు తప్పు సంగతి చెబుతాను. మా వికారాబాద్ వైపు వాళ్లకు గుహ అనేది కొత్త వింతేమీ కాదు. అనంతగిరి పద్మనాభస్వామి గుడికి వెళ్లినవాళ్లు మార్కండేయ మహర్షి కథ వినే ఉంటారు. ఆయన రోజూ గుహలోంచే కాశీకి వెళ్లి గంగలో స్నానం చేసి వచ్చేవాడట. ఒకనాడు ద్వాదశి తెల్లవారకముందే రావడంతో వెళ్లలేకపోతే, స్వామి కలలో కనిపించి గంగనే ఇక్కడికి రప్పించాడట. అత్తమ్మ ఈ కథ మా పిల్లలకు వందసార్లు చెప్పి ఉంటుంది. అంటే నేల కింద దారి ఉంటుందనీ, అది మంచిచోటికే పోతుందనీ వాళ్లకు మొదట చెప్పింది ఆవిడే కదా! మూసీ నది పుట్టేదీ ఆ కొండల్లోనే. కొండలోంచి నీళ్లెట్లా వస్తాయని మా పెద్దాడు అడిగాడు. వానకు కొండ తాగిన నీళ్లే మెల్లగా ఊరి బయటికొస్తాయని చెప్పాను. "రాయి నీళ్లెట్ల తాగుతదమ్మా?" అని ఇంకో ప్రశ్న.

ఇలాంటి ప్రశ్నలకు తాండూరు కన్నా మంచి బడి లేదు. మేముండేది అక్కడే. ఊరి చుట్టూ ఎక్కడ తవ్వినా నాపరాయి. పైన మట్టి తీసేస్తే పరాటా పొరల్లాగా బండ కింద బండ, ఒకచోట నీలం, ఒకచోట పసుపు. ఉలి పెట్టి సుత్తితో కొడితే పొర పొరగా లేచి వస్తుంది. కోట్ల ఏళ్ల నాడు సముద్రం అడుగున పేరుకున్న సున్నపు బురదే ఇట్లా రాయి అయింది. మన వంటింట్లో రోజూ తడిగుడ్డ పెట్టి తుడిచే బండ ఒకప్పుడు సముద్రం అడుగు అని చెబితే మా చిన్నది చాలాసేపు దాని మీద కూర్చునే ఉంది, లేవనంటే లేవనని.

గుహ ఎట్లా పుడుతుందో కూడా వంటింట్లోనే చూపించొచ్చు. మా బోరు నీళ్లు నాలుగు రోజులు కాచామంటే గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది. చింతపండు పెట్టి తోమితే గానీ పోదు. ఆ పులుపుకు సున్నం కరుగుతుంది, అంతే. వాన నీరు గాలిలోంచీ మట్టిలోంచీ బొగ్గుపులుసు వాయువును కలుపుకొని కొంచెం పులుపెక్కుతుంది. ఆ నీరు లక్షల ఏళ్లు సున్నపురాయి సందుల్లోంచి పారితే సందు దారవుతుంది, దారి గుహవుతుంది. ఈ మాట పుస్తకంలో చదివించడం వేరు, ఆ దారిలో పిల్లల్ని నడిపించడం వేరు. అందుకే పట్టుబట్టి బెలూం తీసుకెళ్లాను.

బెలూం నంద్యాల జిల్లాలో, కొలిమిగుండ్ల దగ్గర ఉంది. పైనుంచి చూస్తే ఏమీ కనిపించదు. చదును పొలాలు, మధ్యలో బావిలాంటి గోతులు. మెట్లు దిగితే అసలు సంగతి. మొత్తం పొడవు 3,229 మీటర్లు, అందులో కిలోమీటరున్నర దాకా జనాన్ని పోనిస్తారు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే ఆంగ్లేయుడు వీటి గురించి రాశాడు. ఆ తర్వాత వందేళ్లకు గానీ, 1980లలో, ఒక జర్మన్ బృందం వచ్చి లోపల కొలతలు తీయలేదు. మనకు టికెట్టు పెట్టి తెరిచింది 2002లో. పెద్దాడికైతే పండగే. కోటిలింగాలు, వెయ్యిపడగలు అంటూ పైనుంచి వేలాడే రాతి ఊడలకు పేర్లు చదువుకుంటూ ముందుకు పరిగెత్తాడు.

ఇక అత్తమ్మ మాటలో ఒప్పు సంగతి. పాతాళగంగ వైపు దారి ఇరుకవుతుంది. లోపల గాలి కొట్టే ఏర్పాటు ఉన్నా ఉక్క, ఒళ్లంతా చెమట. మా చిన్నదానికి ఏడేళ్లు. అది నా కొంగు పట్టుకుని ఆగిపోయింది. "అమ్మా, నాకు ఊపిరాడ్తలేదు, పోదాం" అంది. వెనకాల జనం తోసుకొస్తున్నారు. ఎవరో పెద్దమనిషి "ఆడపిల్ల కదమ్మా, భయపడుతది మరి" అని నవ్వాడు. ఇంత దూరం వచ్చి, టికెట్టు కొని, ఇక్కడి నుంచి వెనక్కి పోవడమేమిటని నాకు రోషం. చెయ్యి పట్టుకుని లాక్కెళ్లాను. నూటయాభై అడుగుల లోతున నీళ్లు పారుతున్న ఆ చోట అందరూ వంగి చూస్తుంటే, నా కూతురు కళ్లు గట్టిగా మూసుకుని నిలబడింది. ఇంటికొచ్చాక నాలుగు రాత్రులు లైటు ఆర్పనివ్వలేదు.

తప్పు గుహది కాదు, నాది. ఆ పెద్దమనిషి మాట అబద్ధం చేయాలనే తొందరలో నేను పిల్ల మాట వినలేదు. అయినా ఆ మాట ఆయన ఒక్కడిదా? చట్టం కూడా అదే అన్నది. మన దేశపు బొగ్గు గనుల్లో ఒకప్పుడు ఆడవాళ్లు లోపలికి దిగి తట్టలు మోసినవాళ్లే. 1952 నాటి గనుల చట్టమైతే 46వ సెక్షన్‌లో ఆడవాళ్లకు భూగర్భంలో పనే కూడదంది. 2019లో కేంద్రం ఆ తలుపు కొంచెం తెరిచింది. సాంకేతిక, పర్యవేక్షణ పనులకు, పగటిపూట, అదీ ఆ మనిషి రాసిచ్చిన ఒప్పుకోలుతో. ఒప్పుకోలు అడగాలని చట్టానికైనా తోచింది. నాకు తోచలేదు చూశారా!

అందుకని ఇప్పుడు ఎవరు అడిగినా నేను చెప్పేది ఒకటే. ఫలానా చోట ఏం చూడొచ్చు అని కాదు, మధ్యలో వెనక్కి తిరగొచ్చా అని ముందు కనుక్కోండి. ఎదురొచ్చేవాళ్లకు తప్పుకునే జాగా ఉందా, ఒకరు పిల్లను తీసుకుని బయటికొస్తే మిగతావాళ్లు చూసి రాగలరా, లోపల ఉక్క ఎంత. చిన్నపిల్లలతో అయితే బెలూం కన్నా బొర్రా గుహలు నయమని నా అభిప్రాయం. మెట్లు ఎక్కువే, కానీ నోరు పెద్దది, కప్పు ఎత్తు, పగటి వెలుతురు చాలా దూరం వస్తుంది. రైలు దిగితే దగ్గరే. అన్నట్టు అదీ అనంతగిరి మండలమే, అల్లూరి సీతారామరాజు జిల్లాలోది. మా అనంతగిరిలో మూసీ పుడితే అక్కడ గోస్తనీ పుడుతుంది. కాకపోతే గుహల్లో రంగురంగుల లైట్లు పెట్టి పెళ్లిపందిరి ఎందుకు చేస్తారో నాకర్థం కాదు. రాయి రంగు రాయికుంటే చాలదూ?

అసలు కోపమొచ్చే సంగతి ఇంకొకటుంది. మేము బెలూం వెళ్తున్నామంటే మా తమ్ముడు, "గంత దూరం పోవుడెందుకక్కా, మన పాత గనిల మస్తు నీళ్లున్నయి, పిల్లలకు ఈత నేర్పిస్త" అన్నాడు. వాడికి పిల్లలంటే ప్రాణమే. కానీ రాయి తీసి వదిలేసిన గుంత చెరువు కాదండీ. గట్టు నిట్టనిలువు. నీళ్లలో రెండడుగులు బండ మీద నిలబడొచ్చు, మూడో అడుగుకు బండే ఉండదు. పాకుడు పట్టిన రాయి పట్టుకోవడానికీ ఆనదు. ఎండాకాలం వస్తే క్వారీ గుంతల్లో పిల్లలు మునిగిన వార్త పేపర్లో చదవని ఏడు లేదు. గుహకు వెళ్తే భయపడేవాళ్లు ఈ గుంతలకు భయపడరు, ఊళ్లోవే కదా అని.

పోలండ్‌లో వియెలిచ్కా అని ఉప్పు గని ఉంది. నేలకు వంద మీటర్ల కింద ఉప్పులోనే చెక్కిన ప్రార్థనా మందిరం ఉందక్కడ. 1978లోనే యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అంత గొప్ప మనకొద్దు. తాండూరు చుట్టూ ఇన్ని పాత గనులున్నాయి, ఒక్కదానికి కంచె వేసి, గట్టి మెట్లు కట్టి, రెయిలింగు పెట్టి, బండ పొరలు చూపించి చెప్పే మనిషిని పెట్టలేమా? బడి పిల్లలు వరసగా దిగి, చేత్తో తాకి, ఎక్కి వస్తారు. మిగతా గుంతలకు కనీసం కంచె. ఇది అడగాల్సింది అమ్మలమే. పోయేది మన పిల్లలే కాబట్టి.

ఈ సెలవులకు మళ్లీ పంచాయితీ జరిగింది. సికింద్రాబాద్‌లో బన్సీలాల్‌పేట మెట్లబావి ఉంది, చెత్తతో పూడిపోయినదాన్ని బాగుచేసి 2022 డిసెంబరులో తెరిచారు. నేల కిందకే దిగినా నెత్తి మీద ఆకాశం కనిపిస్తుంది. తాండూరు నుంచి రైలుకు పోయి సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు. ఈసారి పేపర్లో ఫొటో ముందు చిన్నదానికి చూపించి, వస్తావా అని అడిగాను. చాలాసేపు చూసింది. "పది మెట్లు దిగుత. తర్వాత చెప్త" అంది. సరేనన్నాను. అత్తమ్మ కూడా వస్తానంటోంది, తనేమో పైనే కూర్చుంటుందట.