కొత్త పలక

నన్నయభట్టు యజ్ఞం చేశాడని ప్రతీతి గల తణుకు మా ఊరు. ఇంట్లో తీరిక వేళల భారతం చదువుకొనేందుకు, ఒకరు వాడిన చవక విండోస్ ట్యాబ్లెట్‌ను ఇటీవల కొన్నాను. దాని ర్యామ్ 2 జీబీ; నిల్వస్థలం 32 జీబీ. అందులో సుమారు సగం విండోస్‌కే సరిపోయింది. రెండు పనులు ఒకేసారి అప్పగిస్తే ఏటికి ఎదురీదే పడవలా నెమ్మదించేది. "డబ్బు గోదాట్లో పోశారండీ!" అన్నది ఇల్లాలు.

నేను అంగీకరించలేదు. పాత ముద్రణలో మసకబారిన పద్యాన్ని వ్రేళ్లతో పెద్దది చేసి, కన్నులకు శ్రమ లేకుండా చదవగలిగాను. 2001 నాటి విండోస్ ఎక్స్‌పీలోనే మన గోదావరి పాయ పేరు గల 'గౌతమి' ఖతి ఉండేది. నేడు ఈ పలకపై నా పాఠాల టిప్పణులను తెలుగులోనే వ్రాసుకొంటున్నాను.

అయితే దానిలోని విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. భద్రతా సవరణలు అందని యంత్రంలో బ్యాంకు లావాదేవీలు జరపరాదు. అందుకే ఆ పని దానికి అప్పగించలేదు.

విద్యార్థులారా! ధర తగ్గినంత మాత్రాన వస్తువు నిరుపయోగం కాదు; ధర పెరిగినంత మాత్రాన మన అవసరం తీరదు. అది చేయగల పనేదో తెలుసుకొని, ఆ పనినే కోరడం వివేకం. పలక చవకదైనా దానిపై దిద్దిన అక్షరం చవకది కాదు గదా!